దింపింది ఎవరు?

పోయిన వారం రోహిణిని మనం తెలుగు సంఘం హాలు గేటు దగ్గర, తల్లి స్కూటీ వెనక సీటు మీద వదిలేశాం. గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద కెప్టెన్ గౌరీశంకర్ నిలువెత్తు బొమ్మ. కింద మూలన తపాలాబిళ్ళంత రోహిణి బొమ్మ. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం జరిగిందేమిటో నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

నెల్లాళ్ళ కిందట దల్మా ఎయిర్ వాళ్ళ చిన్న విమానం ఈ ఉక్కు ఫ్యాక్టరీల ఊరి సోనారీ ఎయిర్‌పోర్టు నుంచి కలకత్తాకి లేచింది. ఇంకా ఊరు దాటనేలేదు, కింద సువర్ణరేఖ ఇసుక కనపడుతూనే ఉంది, ఎడమ ఇంజిన్ దడదడమని కొట్టుకుని ఆగిపోయింది. నడుపుతున్నది కెప్టెన్. పక్కన కుడి సీటులో కో-పైలట్ రోహిణి. ఇంజిన్ ఆగిన కాసేపటికి కెప్టెన్ కూడా ఆగిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. పిలిస్తే పలకలేదు. రోహిణి ఆయన చేతుల్లోంచి విమానాన్ని లాక్కుని, ఉన్న ఒక్క ఇంజిన్‌తో వెనక్కి తిప్పి, సోనారీలోనే దింపింది. రన్‌వే చాలలేదు. విమానం గడ్డిలోకి దూసుకుపోయి ప్రహరీగోడ ముందు ఆగింది. పోలయ్య అనే పెద్దాయనకి భుజం ఎముక విరిగింది. మిగతావాళ్ళంతా తమ కాళ్ళ మీద తాము దిగారు. అప్పటికి కెప్టెన్‌కి తెలివి వచ్చింది.

మర్నాడు పేపర్లన్నీ ఆయన్నే పొగిడాయి. విచారణకి వచ్చిన అధికారులకి రోహిణి ఉన్నదున్నట్టు చెప్పింది. కెప్టెన్ మాత్రం, "దింపింది నేనే" అన్నాడు. బ్లాక్‌బాక్స్ ఢిల్లీ వెళ్ళింది. అది నోరు విప్పడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరికీ తెలీదు. ఈలోగా ఈ సన్మానం. వేదిక మీద రోహిణి రెండే రెండు వాక్యాలు చెప్పాలని కంపెనీ మేనేజర్ హరికిరణ్ హుకుం. "సార్ చెప్పినట్టు చేశాను. సార్ వల్లే అందరం బతికాం." చెప్పకపోతే ఈ దేశంలో ఏ విమానమూ ఎక్కనివ్వనన్నాడు.

*

"ఏటే, దిగవేటి?" అంది కస్తూరమ్మ స్కూటీ ఆపి.

రోహిణి దిగలేదు. ఫ్లెక్సీ వైపే చూస్తోంది.

కస్తూరమ్మ ఆదిత్యపూర్‌లో ఇనుము పోతపోసే ఒక ఫౌండ్రీలో క్రేన్ నడుపుతుంది. భర్త పోయిన ఏడాదే ఆ పని నేర్చుకుంది. ఇవాళ డ్యూటీకి సెలవు పెట్టి, పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టింది.

"మాఁ, నన్నేం చెప్పమంటావ్?"

"నానేటి చెప్తాను? నీ ఇమానం సంగతి నాకేటి తెలుసు?" హెల్మెట్ తీసి హ్యాండిల్‌కి తగిలించింది. "నువ్వేటి చెప్పినా నాను లేచి నిలబడతాను. నిజం చెప్తే నీ పక్కన నిలబడతాను. అబద్ధం చెప్తే బయటికి పోడానికి నిలబడతాను. అంతే."

రోహిణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దిగింది. హాల్లోకి వెళ్ళకుండా పక్క వసారా గుండా వెనకవైపు నడిచింది. వేదిక ఎక్కేలోపు ఒక్క మనిషితో ఒక్కసారి మాట్లాడాలి.

వేదిక వెనక గదిలో కెప్టెన్ గౌరీశంకర్ ఒక్కడే ఉన్నాడు. తెల్ల యూనిఫారం, భుజాల మీద నాలుగు బంగారు గీతలు. కిటికీ అద్దంలో చూసుకుంటూ టై సర్దుకుంటున్నాడు. బాగ్‌బేరా రైల్వే కాలనీలో గార్డు కొడుకు ఆయన. ఆ క్వార్టర్లలోంచి ఆకాశంలోకి వెళ్ళిన మొదటివాడు. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి, తిరిగి సొంత ఊరి నుంచే విమానం నడపాలని వచ్చాడు. ఇంగ్లీషు రాదని ట్రైనింగ్ అకాడమీ రోహిణిని వెనక్కి పంపితే, రేడియోలో ఎలా మాట్లాడాలో ఫోన్లో గంటలు గంటలు చెప్పించి మళ్ళీ పంపింది ఆయనే. ఇంట్లో ఆమె ఆయన్ని చిన్నాన్న అంటుంది. విమానంలో సార్.

"చిన్నాన్నా" అనబోయి, "సార్" అంది.

"రా అమ్మా. చూసినావా ఎంతమంది వచ్చినారో? టెల్కో కాలనీ నించి కూడా వచ్చినారు."

"చూశాను. మీరు మళ్ళీ డ్యూటీ ఎక్కుతున్నారట కదా."

"ఎక్కుతాను. మెడికల్ అయిపోనాది. ఫిట్."

"ఆ రోజు మీకేమయిందో డాక్టరుకి చెప్పారా?"

టై మీద ఆయన చేతులు ఆగాయి. "నాకేటి అవలేదు."

"నేను పిలిచాను సార్. గట్టిగా అరిచాను. కంట్రోల్ నాకిచ్చేయమన్నాను. మీరు నా వైపు కూడా చూడలేదు. మీ వేళ్ళు దాన్ని పట్టుకునే ఉన్నాయి. ఒక్కొక్క వేలే విప్పాను నేను. మీ బొటనవేలు గట్టిగా విరిచాను కూడా. నొప్పి తెలియలేదా? మర్నాడు వాచి ఉండాలే."

కెప్టెన్ తన కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. అనుకోకుండా చూసుకున్నాడు. చూసుకున్నాక దొరికిపోయానని ఆయనకి తెలిసింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బయట మైకు టెస్ట్ చేస్తున్నారు, హలో హలో అంటూ.

"తలుపు వెయ్యి" అన్నాడు.

వేసింది.

"దసరా నాడు మొదటిసారి. ఇంట్లోనే. చేతిలో చాయ్ కప్పుంది. కల్పన ఏటో చెప్తంది." కల్పన ఆయన కూతురు, రోహిణి ఈడుది. "తరవాత చూత్తే కప్పు కింద పగిలి ఉన్నాది. నాన్నా నాన్నా అని అది నన్ను కుదిపేత్తంది. మధ్యలో ఏటయిందో నాకు గుర్తు లేదు. ఫిల్మ్ ముక్క కోసీసినట్టు. రెండోసారి భువనేశ్వర్లో. విమానం దింపి, ఆపినాక. నీకు తెలీదు, ఆ రోజు నీ డ్యూటీ కాదు."

రోహిణి గోడకి ఆనుకుంది. విమానంలో జరిగిందే మొదటిసారి అనుకుంది తను. ఇంజిన్ ఆగిన భయానికి ఎవరికైనా అలా అవుతుందేమో అని కూడా అనుకుంది, ఈ నెల్లాళ్ళూ, ఆయన కోసం.

"హరికిరణ్‌కి తెలుసా?"

ఆయన టై కొన వేలికి చుట్టుకుంటున్నాడు.

"సార్, హరికిరణ్‌కి తెలుసా?"

"తెలుసు. భువనేశ్వర్ నించి వచ్చినాక నానే చెప్పినాను. రెండు నెలలు సెలవడిగినాను. ఇంకో కెప్టెన్ లేడు, రూటు మూతపడిపోతది, దీపావళి దాకా లాగీమన్నాడు. డాక్టరు సంగతి తను చూసుకుంటానన్నాడు." తల ఎత్తాడు. "ఆ తరవాత నాను మళ్ళీ అడగలేదు. అదీ నిజమే. అడిగితే ఇచ్చేత్తాడేమోనని అడగలేదు."

"ఎందుకు?"

"ఎందుకేటి? సెలవంటే మళ్ళీ మెడికల్. మళ్ళీ మెడికల్ అంటే ఇంక లేదు. కిందే. రోజూ కిందే. అరవై ఏళ్ళు రాబోతున్నాయి నాకు. పైన ఉన్నప్పుడే నాను ఎవర్నో నాకు తెలుసు. కింద ఏటి చెయ్యాలో ఎవులూ నేర్పలేదే నాకు."

రోహిణికి ఆయన భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. రెండడుగులు వేసింది కూడా.

"చిన్నాన్నా, వేదిక మీద మీరే చెప్పండి. నేను చెప్పను. మీ నోటితో మీరే చెప్తే అందరూ మిమ్మల్ని ఇంకా గౌరవిస్తారు. నేను మీ పక్కనే నిలబడతాను."

ఆ ఒక్క మాటతో ఆయన ముఖం మళ్ళీ మూసుకుపోయింది. లేచాడు. టోపీ తీసుకున్నాడు.

"నిన్ను ఆ సీట్లో కూకోబెట్టింది ఎవరే?"

"మీరే."

"మరి? నా మెడలో దండ పడతంటే నీకు చూడ్డం కష్టంగా ఉన్నాదేటి?"

"దండ వంద వేయించుకోండి. విమానం దింపింది మీరేనని ఊరంతా అనుకోనివ్వండి. నాకేం వద్దు. విమానం ఒక్కటి ఎక్కొద్దు. అంతే అడుగుతున్నాను."

"ఎక్కుతాను."

"వెనక మనుషులుంటారు సార్!"

"ముప్పై ఏళ్ళు మోసినాను ఆ మనుషుల్ని. నువ్వు నాకు చెప్పక్కర్లేదు." తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగాడు. "పో. చెప్పుకో. అక్కడ కూర్చున్నవాళ్ళంతా నన్ను చూసి పిల్లలకి పేర్లు పెట్టుకున్నవాళ్ళు. నీ మాట ఎవులు నమ్ముతారో చూత్తాను."

తలుపు అవతల హరికిరణ్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ నవ్వే ముఖం. "చలియే కెప్టెన్ సాబ్, అందరూ చూస్తున్నారు" అన్నాడు. రోహిణి పక్క నుంచి నడుస్తూ గొంతు తగ్గించి, "రెండు వాక్యాలు. బస్" అన్నాడు.

*

హాలు నిండిపోయింది. సంఘం అధ్యక్షుడు బలరామ్ గారు కెప్టెన్‌కి శాలువా కప్పి, బంతిపూల దండ వేసి, చాలాసేపు మాట్లాడాడు. మన శ్రీకాకుళం నించి, విజయనగరం నించి తాతలు ఒట్టి చేతుల్తో వచ్చి ఇక్కడ కొలిమిల దగ్గర ఒళ్ళు కాల్చుకున్నారని, వాళ్ళ మనవడు ఇవాళ ఆకాశంలో మనుషుల ప్రాణాలు నిలబెట్టాడని చెప్పాడు. ముందు వరసలో భుజానికి పట్టీతో పోలయ్య కూర్చున్నాడు. చప్పట్లకి ఒక చెయ్యే ఉంది కాబట్టి తొడ మీద కొట్టుకుంటున్నాడు.

"ఇప్పుడు మన బిర్సానగర్ ఆడపిల్ల, కెప్టెన్ గారి శిష్యురాలు రోహిణి రెండు మాటలు."

రోహిణి మైకు దగ్గరికి వచ్చింది. మైకు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. ఇంజిన్ ఆగిన రోజు ఇంత భయం వేయలేదు. ఆ రోజు భయపడటానికి తీరిక లేదు.

"బలరామ్ బాబాయి గారు చెప్పినదంతా నిజమే" అంది. "గౌరీశంకర్ సార్ లేకపోతే నేను లేను. నాకు ఎగరడం నేర్పింది ఆయనే. ఈ ఊళ్ళో ఇంకెవరూ నన్ను నమ్మనప్పుడు ఆయన నమ్మారు."

హరికిరణ్ కాలు మీద కాలు వేసుకుని సౌకర్యంగా కూర్చున్నాడు.

"కానీ ఆ రోజు విమానం దింపింది ఆయన కాదు. నేను."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"ఇంజిన్ ఆగాక ఆయనకి తెలివి పోయింది. అది ఆయన తప్పు కాదు, జబ్బు. ఎవరికైనా వస్తుంది. కానీ ఆ జబ్బు కంపెనీకి ముందే తెలుసు. తెలిసీ ఆయన్ని పంపారు. మళ్ళీ పంపబోతున్నారు. నేను..."

"ఏయ్!" అని ఎవరో అరిచారు. "క్యా బోల్ రహీ హై యే?" అని వెనక నుంచి ఇంకొకరు. కుర్చీలు కదిలాయి. బలరామ్ గారు లేచి మైకు మీద చెయ్యి వేశాడు.

"అమ్మాయ్, ఏటిది? ఇంటికి పిలిచి పెద్దమనిషిని అవమానం చేత్తావా? దిగు. ముందు దిగు."

"నా కూతురు దిగదు."

అందరూ వెనక్కి తిరిగారు. ఆడవాళ్ళ వరసల్లోంచి కస్తూరమ్మ లేచి నిలబడింది. ఫౌండ్రీలో యంత్రాల చప్పుడు మీద అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు ఆమెది. దానికి మైకు అక్కర్లేదు.

"బలరామన్నా, మాటాడమని పిలిచినారు. మాటాడతంది. ఇనాలని లేకపోతే చెవులు మూసుకోండి. నా పిల్లని దిగమనడానికి మీరెవులు?"

బలరామ్ గారి చెయ్యి మైకు మీద నుంచి జారింది.

"నేను అబద్ధం చెప్తే నాకే మంచిది" అంది రోహిణి. "ఉద్యోగం ఉంటుంది. మీ అందరి ముందు మంచి పిల్లననిపించుకుంటాను. రేపు విమానంలో మీరు ఎక్కుతారు, మీ పిల్లలు ఎక్కుతారు. సార్‌కి మళ్ళీ అలా అయితే పక్కన ఎవరుంటారో నాకు తెలీదు. అందుకే చెప్తున్నాను. నమ్మినా సరే, నమ్మకపోయినా సరే. నేను ఈ మాట వెనక్కి తీసుకోను. ఇక్కడ తీసుకోను, ఢిల్లీలో తీసుకోను."

"ఏం పోలయ్యా, నువ్వు ఆ ఇమానంలోనే ఉన్నావు కదా?" ఎవరో అడిగారు. "నువ్వు చెప్పు!"

పోలయ్య ఇబ్బందిగా లేచాడు. "నాను కళ్ళు మూసుకున్నాను బాబూ. ముందర తలుపేసి ఉన్నాది. ఎవులు దింపినారో నాకు తెల్దు." కొందరు నవ్వారు. ఆయన కెప్టెన్ వైపు చూశాడు, రోహిణి వైపు చూశాడు. "కానీ మళ్ళీ ఎక్కమంటే మాత్రం ఈ పిల్లని అడిగే ఎక్కుతాను" అని కూర్చున్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

రోహిణి కెప్టెన్ వైపు తిరిగింది. ఆయన దండలో ఒక బంతిపువ్వుని తుంచి రేకులు కింద పోస్తున్నాడు. ఒక్క మాట. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయన ఇంకో పువ్వు తుంచాడు.

హరికిరణ్ నెమ్మదిగా వచ్చి మైకు తీసుకున్నాడు. నవ్వు చెదరలేదు.

"ప్రమాదం తరవాత మనసు దెబ్బతినడం మామూలే. అమ్మాయికి విశ్రాంతి అవసరం. ఈ నిమిషం నుంచి తనని డ్యూటీ నుంచి తప్పిస్తున్నాం. కోపంతో కాదు, జాలితో." ఆగి, చుట్టూ చూశాడు. "ఇక కెప్టెన్ సాబ్ సంగతి. ఆయన ఫిట్టో కాదో మాటలెందుకు? కొత్త విమానం సోనారీలో నిలబడి ఉంది. సంఘం పెద్దల కుటుంబాల్ని ఈ సాయంత్రం ఊరి మీద ఒక చక్కరు తిప్పి తీసుకొద్దామని ముందే అనుకున్నాం. సర్‌ప్రైజ్‌గా ఉంచాం. బస్సు బయట రెడీగా ఉంది. నడిపేది ఎవరో చెప్పాలా?"

ముందు ఒకరు, తరవాత పదిమంది, తరవాత హాలంతా చప్పట్లు. బలరామ్ గారి కోడలు పిల్లల చేతులు పట్టుకుని అప్పుడే లేచింది. కెప్టెన్ గౌరీశంకర్ టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు. రోహిణి పక్క నుంచే వెళ్ళాడు. తల తిప్పలేదు.

*

కస్తూరమ్మ స్కూటీని అంత వేగంగా నడపడం రోహిణి ఎప్పుడూ చూడలేదు. సాక్చీలో రెడ్‌లైట్ దగ్గర కూడా ఆగలేదు. దారంతా రోహిణి ఫోన్లు చేస్తూనే ఉంది. విచారణ అధికారి ఫోను ఎత్తలేదు. ఢిల్లీ ఆఫీసు ఆదివారం మూసి ఉంది. ఎయిర్‌పోర్టు టవరులో తెలిసినవాడు, "పర్మిషన్ హై మేడమ్, మై క్యా కరూఁ" అని చేతులెత్తేసి ఫోన్ పెట్టేశాడు.

సోనారీ గేటు దగ్గరికి వచ్చేసరికి బస్సు ఖాళీగా బయట నిలబడి ఉంది. అంటే లోపలికి వెళ్ళిపోయారు. ఇనుప కంచెలోంచి విమానం కనపడుతోంది. మెట్ల దగ్గర ఆఖరున బలరామ్ గారు ఎక్కుతున్నాడు.

కంపెనీ గుర్తింపు కార్డు తీసి గేటు వైపు పరిగెత్తింది. పనిచేయదని తెలుసు. అప్పుడే ఫోన్ మోగింది. పేరు చూసి ఆగింది.

"రోహిణీ." కెప్టెన్ గొంతు. వెనక కాక్‌పిట్ చప్పుళ్ళు. "గేటు దగ్గరున్నావు కదా. చూత్తన్నాను."

"సార్, దిగండి."

"విను. కలకత్తా నించి కో-పైలట్‌గా ఒక కుర్రాడిని పంపినారు. వాడిని దింపేసినాను. కుడి సీటు ఖాళీ. నిన్ను లోపలికి వదలమని గేటుకి చెప్పినాను. వచ్చి కూకో. నువ్వు పక్కనుంటే నాకు భయం లేదే. నాకేటయినా నువ్వు చూసుకుంటావు. నువ్వు చెప్పిందంతా నిజమే. ఎవులికీ చెప్పను గానీ నీకు చెప్తన్నాను. ఒక్కసారి. ఇదే ఆఖరిసారి. రా అమ్మా."

సెక్యూరిటీ గార్డు నిజంగానే గేటు తెరిచాడు. "జాయియే మేడమ్."

రోహిణి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఎక్కితే లోపలున్నవాళ్ళకి ఏమీ కాదు. తను దింపుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. రేపు మళ్ళీ ఆఖరిసారి అంటాడు. ఎల్లుండి ఇంకొకసారి. ఆయన పక్కన తను కాక ఇంకెవరో ఉన్న రోజు ఒకటి వస్తుంది.

"చిన్నాన్నా, నేను రాను. మీరు దిగండి."

"నువ్వు రాపోతే ఆ కుర్రాడిని పిలుత్తాను. ఎగరడం మాత్రం ఆగదు."

ఫోన్ పెట్టేశాడు.

"ఏటన్నాడే?" కస్తూరమ్మ వెనక నుంచి అడిగింది. రోహిణి ఫోను తల్లి చేతిలో పెట్టింది. గేటు దాటింది. సిమెంటు నేల మీద మొదట నడిచింది, తరవాత పరిగెత్తింది. కిటికీల్లోంచి పిల్లలు చేతులూపుతున్నారు, ఆమె కూడా వస్తోందని సంతోషంతో. మెట్ల దగ్గర కలకత్తా కుర్రాడు పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

ఆమె మెట్ల వైపు వెళ్ళలేదు. విమానం ముక్కు ఎదురుగా వెళ్ళి, రెండు చేతులూ చాచి నిలబడింది. అద్దం వెనక, ఎడమ సీటులో, కెప్టెన్ ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపు పూర్తి తెలివిలో ఉన్న మనిషి చూపు.

కుడివైపు ప్రొపెల్లర్ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

(సశేషం)